రోజూ వచ్చిన విద్యార్థిని

గౌరీశ్వరి యాభయ్యో ఏడు దగ్గరపడ్డాక యూనివర్సిటీలో చేరింది. చదువు మీద మోజుతో మాత్రం కాదు. మొగుడు పొద్దస్తమానం ఇంట్లోనే ఉంటున్నాడు కాబట్టి చేరింది.

దేవీప్రసాద్ స్టీల్ ప్లాంటు రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా చేసినన్నాళ్లూ ఆ సంసారానికి ఏ లోటూ లేదు. ఆయన షిఫ్టుకి వెళ్తే ఇల్లు ఆవిడది. షిఫ్టు నుంచి వస్తే తిని పడుకునేవాడు, అప్పుడూ ఇల్లు ఆవిడదే. వాలంటరీ రిటైర్మెంటు ఇస్తామంటే తీసుకుని, క్వార్టర్ ఖాళీ చేసి, దువ్వాడ స్టేషన్ దగ్గర కట్టుకున్న సొంతింట్లోకి మారాక అసలు సంగతి బయటపడింది. మనిషి రిటైరయ్యాడు గానీ ఫోర్‌మన్ రిటైర్ కాలేదు. అజమాయిషీ చెయ్యడానికి మిల్లు లేదు, మనుషులు లేరు. మిగిలింది వంటిల్లు, అందులో ఒక మనిషి.

మొదటి వారమే స్టవ్ పక్కన ఇసక బకెట్ పెట్టాడు. తాలింపు వేసేటప్పుడు కళ్లజోడు పెట్టుకోవాలన్నాడు. పచ్చళ్ల జాడీలకి చీటీలంటించి, ఏ జాడీ ఎక్కడుండాలో గూట్లో సుద్దముక్కతో గీతలు గీశాడు. బియ్యంలో నీళ్లు చేత్తో చూసి పొయ్యడమేమిటి, కొలత లేదా అని నిలదీశాడు. ఆయనది తాడేపల్లిగూడెం వైపు. కోపం వచ్చినా మాట మెత్తగానే ఉంటుంది, అదే ఇంకా చిరాకు. "తప్పు పట్టట్లేదే గౌరీ, ప్రొసీజర్ చెప్తున్నాను" అనేవాడు. ఎలమంచిలి దగ్గర పల్లెలో పుట్టి, చేత్తో నీళ్లు చూసుకునే ఇంతకాలం వండి పెట్టిన గౌరీశ్వరికి ఈ ప్రొసీజర్ మింగుడుపడలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఆవిడ అన్న కొడుకు గోపి వచ్చాడు. సబ్బవరం దాటాక కొండవారన కొత్తగా లేచిన ఒక ప్రైవేటు యూనివర్సిటీలో, అడ్మిషన్ల విభాగంలో వాడికి ఉద్యోగం. ఆ యూనివర్సిటీ పేరు ఎందుకులెండి, హైవే మీద ప్రతి కరెంటు స్తంభానికీ వేలాడుతూనే ఉంటుంది. అక్కడ లేని కోర్సు లేదు. లేనిదంటూ లేకుండా చెయ్యడంలో భాగంగా బట్టల డిజైన్ కోర్సొకటి పెట్టారు. దారాన్ని అల్లి చేసే బట్ట, మగ్గం మీద నేసే బట్ట, ఈ రెండింటి రూపకల్పన నాలుగేళ్లపాటు నేర్పుతారట. బ్రోచరులో రంగురంగుల దారపు ఉండల ఫోటో చాలా అందంగా వచ్చింది. చేరడానికి మాత్రం ఎవరూ రాలేదు. కంప్యూటర్ సీటు రాని పిల్లలకి కంప్యూటర్‌నే ఇంకో పేరుతో ఇచ్చే కాలం. కన్న పిల్లని మగ్గం ముందు కూర్చోబెట్టే తండ్రి విశాఖపట్నంలో ఎక్కడ దొరుకుతాడు?

కోర్సులో మనుషులు కనబడకపోతే యూనివర్సిటీకి గ్రేడిచ్చే తనిఖీలో మార్కులు పోతాయి. అందుకని కాగితం మీదైనా కొందరుండాలని పైనుంచి హుకుం వచ్చింది. గోపి ఆ మాట దాచకుండానే చెప్పాడు.

"అత్తా, నీ ఇంటర్ సర్టిఫికెట్టూ ఆధారూ ఇయ్యి సాలు. ఫీజు స్కాలర్‌షిప్పు కింద రాసేత్తాం. నువ్వు ఒచ్చే పనే లేదు."

"ఒస్తే ఏటవుద్ది?" అని అడిగింది గౌరీశ్వరి.

గోపి నవ్వాడు. వాడి సర్వీసులో ఎవరూ అడగని ప్రశ్న అది. ఏమీ అవదని చెప్పి, కాఫీ తాగి వెళ్లిపోయాడు. వంటింట్లో దేవీప్రసాద్ గ్యాస్ గొట్టానికి సబ్బు నురగ రాసి, లీకుందేమోనని చూస్తున్నాడు. పొద్దున్నుంచీ అది మూడోసారి. గౌరీశ్వరి గుమ్మంలో నిలబడి ఆయన వీపు వైపు కాసేపు చూసింది. అప్పుడే నిశ్చయించుకుంది.

క్లాసులు మొదలయ్యాయని తెలిసిన రోజున ఆవిడ నేత చీర కట్టుకుని, క్యారియర్ సర్దుకుని, బస్సెక్కి యూనివర్సిటీలో దిగింది. గేటు దగ్గర సెక్యూరిటీ అతను నమస్కారం పెట్టి తల్లిదండ్రుల గదిలో కూర్చోబెట్టాడు. ఏసీ వేశారు. చల్లటి బాదం పాలిచ్చారు. నీటుగా టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చి, హాస్టల్ భోజనం గురించి బెంగపడొద్దనీ, మీ పాపని మా పాపలా చూసుకుంటామనీ చెప్పి, పాపది ఏ బ్రాంచి అని అడిగాడు.

"పాప లేదు బాబూ. నానే సదవడానికి ఒచ్చాను."

కుర్రాడు బాదం పాల గ్లాసు వైపు చూశాడు. అది తల్లిదండ్రులకిచ్చేది. అప్పటికే ఆవిడ సగం తాగేసింది.

విషయం డీన్ భీమశంకరరావు దాకా వెళ్లింది. ఆయనది తెల్ల చొక్కా, బంగారు ఫ్రేము కళ్లద్దాలు, ఎంత చేదు మాటైనా సన్మానంలా చెప్పగల నేర్పు. జాబితా తెప్పించి చూశాడు. గౌరీశ్వరి పేరు నిజంగానే ఉంది. ఆవిడతో పాటు యూనివర్సిటీ బస్సు డ్రైవరు భార్య, క్యాంటీన్ కాంట్రాక్టరు మరదలు, గోపి చిన్నప్పటి ట్యూషన్ మాస్టారు, ఇంకా కొంతమంది ఉన్నారు. వాళ్లంతా బుద్ధిగా ఇళ్లలోనే ఉన్నారు.

"మీరు మా విద్యార్థినే అమ్మా, కాదనను," అన్నాడాయన నెమ్మదిగా. "కానీ విద్యార్థి అన్నంత మాత్రాన రోజూ రావాలని ఎక్కడా లేదు కదా."

మరి క్లాసు ఎక్కడ జరుగుతుందో చెప్తే వెళ్తానంది గౌరీశ్వరి. కోపంగా అనలేదు, బస్టాపు ఎటు అని అడిగినట్టు అడిగింది. క్లాసు జరగాలంటే పాఠం చెప్పేవాళ్లుండాలి. ఉన్నారో లేదో డీన్ గారికే గుర్తులేదు. ఫోన్లు చేయగా చేయగా, ఉన్నారని తేలింది.

హిమబిందు గుజరాత్‌లో నేత డిజైన్ చదివి, సొంతూరు విజయనగరానికి దగ్గరని ఈ ఉద్యోగంలో చేరిన అమ్మాయి. చేరిన రోజున పూలగుత్తి ఇచ్చారు, మర్నాడు చెవులకి హెడ్‌ఫోన్ తగిలించారు. విద్యార్థులొచ్చేదాకా ఊరికే కూర్చోవడమెందుకని అడ్మిషన్ల కాల్ సెంటర్లో వేశారు. అప్పట్నుంచీ పొద్దున్నించి సాయంత్రం దాకా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల తండ్రులకి ఫోన్ చేసి, మీ అబ్బాయి బంగారు భవిష్యత్తు గురించి రెండు నిమిషాలు మాట్లాడొచ్చా అని అడుగుతూ బతుకుతోంది. మీ విద్యార్థిని వచ్చిందని చెప్తే, ఏ విద్యార్థిని అని అడిగింది. కిందికొచ్చి, నేత చీరలో క్యారియర్‌తో కూర్చున్న గౌరీశ్వరిని చూసి, ఇంకెవరైనా ఉన్నారేమోనని గది నాలుగు మూలలా చూసింది.

"కూర్చోండి ఆంటీ," అంది చివరికి.

"కూర్చునే ఉన్నాను మేడం," అంది గౌరీశ్వరి.

అలా మొదలైంది ఆ చదువు. టీచరు విద్యార్థిని ఆంటీ అనీ, విద్యార్థి టీచరుని మేడం అనీ పిలుచుకుంటూ, అరవై కుర్చీల గదిలో ఇద్దరే కూర్చునేవారు. మొదట అల్లిక పాఠాలు. హిమబిందు రెండు సూదులూ ఊలు ఉండా తెచ్చి, ఒక మఫ్లర్ అల్లమంది. విశాఖపట్నంలో సంక్రాంతి నెల్లో బీచి మీద నడిచే పెద్దమనుషులు తప్ప మఫ్లర్ కట్టుకునే ప్రాణి ఉండదు. అయినా సిలబస్‌లో ఊలే ఉంది, ఏ చలి దేశం నుంచో దించిన సిలబస్ అది. గౌరీశ్వరి చెమట తుడుచుకుంటూ అల్లింది. ఆవిడ చెయ్యి అంత గొప్పదేం కాదు. ఒక వరస బిగుసుకుపోయేది, ఇంకో వరస వదులైపోయేది, మధ్యలో ఎక్కడో ఒక కుట్టు జారి, ఎక్కడ జారిందో ఇద్దరూ కలిసి వెతికేవారు. ఆ మఫ్లర్ ఒక చివర జానెడు, ఇంకో చివర మూరెడు వెడల్పుతో తయారైంది. హిమబిందు దాన్ని చాలాసేపు పట్టుకుని, ప్రయత్నం బాగుందంది.

దువ్వాడలో ఈ వార్త ఇంకో రకంగా అర్థమైంది. గౌరీశ్వరి బట్టల కోర్సు చదువుతోందంటే వీధివీధంతా జాకెట్టు ముక్కలు పట్టుకొచ్చింది. ఎదురింటి వరహాలమ్మ చీరకి ఫాల్ కుట్టమంది. నాకు కుట్టడం రాదు వదినా అంటే, యూనివర్సిటీలో చదువుతూ ఆ మాత్రం రాదా, మా సందు చివర టైలర్ ఏడో తరగతే చదివాడు అని ఆశ్చర్యపోయింది.

దేవీప్రసాద్ మాత్రం మొదట్లో దీన్ని నాలుగు రోజుల ముచ్చట అనుకున్నాడు. నెల గడిచాక ఆయనకి భయం పట్టుకుంది. వంటిల్లు పూర్తిగా చేతికొచ్చింది, అజమాయిషీ చెయ్యడానికి మనిషే లేదు. తన ప్రొసీజర్ ప్రకారం తానే పప్పు వండుకుని, అది మాడిపోతే ఎవర్ని అడగాలో తెలియక ఊరుకున్నాడు.

అసలు చిక్కు మగ్గం దగ్గర వచ్చింది. డిపార్ట్‌మెంటులో మగ్గం ఉంది. కొత్తది, టేకు కర్రతో చేయించింది. ప్రారంభోత్సవం నాటి ఎర్ర రిబ్బను ముక్క ఇంకా దానికే ఉంది, పసుపు కుంకుమ బొట్లు ఉన్నాయి, మీద ప్లాస్టిక్ కవరుంది. గదికి తాళముంది, తాళంచెవి డీన్ గారి సొరుగులో ఉంది. దసరాకి తీసి పూజ చేస్తారు, మళ్లీ వేస్తారు. గౌరీశ్వరి అద్దాల కిటికీలోంచి దాన్ని చూస్తూ, కంప్యూటర్ తెర మీద మగ్గం బొమ్మలతో సగం ఏడాది పాఠం విన్నది. తాళం అడిగినప్పుడల్లా భీమశంకరరావు ఎంతో మర్యాదగా, వాడితే పాతబడిపోతుందమ్మా అనేవాడు. తనిఖీ వాళ్లు వస్తే కొత్త మగ్గం చూపించాలి గదా అని ఆయన బాధ.

చివరికి ఆ తనిఖీయే తలుపు తీయించింది. కమిటీ వస్తున్నదనీ, విద్యార్థులు చేసిన పనులు కూడా చూస్తుందనీ ఉత్తరం వచ్చింది. పనులు చూపించాలంటే ఒకరైనా పని చెయ్యాలి. డీన్ గారు స్వయంగా తాళంచెవి తెచ్చి హిమబిందు చేతిలో పెట్టి, జాగ్రత్తమ్మా అన్నాడు, పసిబిడ్డని అప్పగించినట్టు.

మగ్గానికి పడుగు ఎక్కించడానికే, అంటే నిలువు దారాలు ఒక్కొక్కటీ సర్ది కట్టడానికే, రోజులు పట్టాయి. గౌరీశ్వరి మోకాళ్లు పట్టేశాయి, కళ్లు నీళ్లు కారాయి. దారం తెగినప్పుడల్లా ఇద్దరూ మొహమొహాలు చూసుకునేవారు. కానీ మొదటిసారి నాడె, అడ్డదారం ఉండే చిన్న కర్ర పడవ, ఆ పక్కనుంచి ఈ పక్కకి దారాన్ని లాక్కుంటూ జారిపోయి, దువ్వెన లాంటి పలక వచ్చి ఆ దారాన్ని టక్కున దగ్గరికి కొట్టినప్పుడు, ఆవిడకి ఒళ్లు జలదరించింది. ఉన్నట్టుండి గదిలో లేని వస్తువొకటి వచ్చి ఉంది. దారం వెడల్పంత బట్ట. ఆ సాయంత్రం హిమబిందు తలుపు వెయ్యబోతే, ఇంకొక్క వరస మేడం అంది గౌరీశ్వరి, ఆ వరస చీకటి పడేదాకా అవలేదు. తెల్లటి నూలు బట్ట, అంచులు మాత్రం భీమిలి తీరంలా లోపలికీ బయటికీ పోయాయి. ఆవిడకి అది పట్టుచీర కంటే ముద్దొచ్చింది.

తనిఖీ ముందురోజు దేవీప్రసాద్ వచ్చాడు. మర్చిపోయిన క్యారియర్ ఇవ్వడానికని వంక. అసలు సంగతేమిటంటే, ఇంట్లో ఉండలేకపోయాడు. భార్య మగ్గం మీద నేస్తుంటే గోడవారన నిలబడి చూశాడు. మగ్గం కిర్రుమంటోంది. ఆ చప్పుడు విని ఆయన మొహంలో ఏదో వెలిగింది. ఇద్దరాడవాళ్లూ భోజనానికి క్యాంటీనుకి వెళ్లగానే, స్కూటర్ డిక్కీలోంచి గ్రీజు డబ్బా తెచ్చి, మగ్గానికి ఎక్కడెక్కడ కీలు కనబడిందో అక్కడల్లా దట్టంగా పూశాడు. చేతికంటినది తుడుచుకోవడానికి గుడ్డ దొరక్కపోతే, అదే చేత్తో బట్టా పడుగు దారాలూ పక్కకి జరిపి ఇంకో కీలు వెతికాడు.

వాళ్లు తిరిగొచ్చేసరికి తెల్ల బట్ట మీద అడ్డంగా, నిలువుగా, వేళ్ల గుర్తులతో సహా నల్లటి మరకలు. హిమబిందు గుమ్మంలోనే కూలబడింది. గౌరీశ్వరి అరవలేదు. బట్ట దగ్గరికెళ్లి మరక మీద వేలు పెట్టి చూసి, మొగుడి వైపు తిరిగింది.

"నువ్వు లేని సోటు ఒక్కటి ఉంచుకుందారనుకున్నాను. అది కూడా ఉండనివ్వవేటండీ."

ముప్ఫై ఏళ్ల కాపురంలో ఆవిడ ఆయన్ని నువ్వనడం అదే మొదలు. చివర అండీ కూడా ఉంది కాబట్టి ఆ మాటకి ఎలా బాధపడాలో దేవీప్రసాద్‌కి తెలియలేదు. గ్రీజు చేతులు దూరంగా పట్టుకుని, తలొంచుకుని నిలబడ్డాడు.

"మిల్లు మానేశాక మిషన్ చప్పుడు వినలేదే గౌరీ," అన్నాడు. "వినపడేసరికి చెయ్యి ఊరుకోలేదు."

ఆవిడ క్యారియర్ సంచీలోంచి చేతిగుడ్డ తీసి ఆయనకిచ్చింది. బట్ట మళ్లీ నెయ్యడానికి వ్యవధి లేదు.

మర్నాడు కమిటీ వచ్చింది. అధ్యక్షుడు తిరుమలరావు, ఎక్కడో వైస్ చాన్సలర్‌గా చేసి రిటైరైన కెమిస్ట్రీ ప్రొఫెసరు. కళలంటే ఆయనకి చచ్చేంత అభిమానం, అభిప్రాయం చెప్పే అవకాశమే అప్పటిదాకా రాలేదు. మరకల బట్టని కోసి అలమరలో దాచెయ్యాలని భీమశంకరరావు అనుకున్నాడు గానీ, అలమర తాళంచెవి ఏ సొరుగులో ఉందో దొరికేలోపే అధ్యక్షుడు మగ్గం ముందు నిలబడ్డాడు. మెడ ఒక పక్కకి వంచాడు. ఇంకో పక్కకి వంచాడు. ఇదేమిటని అడిగాడు.

భీమశంకరరావుకి ప్రాణం మీదికొచ్చినప్పుడు మాట తడుముకునే అలవాటు లేదు.

"ఉక్కు నగరం సార్," అన్నాడు.

తిరుమలరావు కళ్లు పెద్దవయ్యాయి. ఆ నల్లటి గుర్తుల్లో ఆయనకి కొలిమి పొగ కనిపించింది, హార్బరులో నిలిచిన ఓడల నీడలు కనిపించాయి, ఒక వేలిముద్ర దగ్గర కార్మికుడి శ్రమ కనిపించింది. వంకర అంచులు సముద్రపు అలలే అని ఆయనే చెప్పాడు. పక్కనున్న సభ్యులు రాసుకున్నారు. ఈ ఆలోచన మీకెలా వచ్చిందని ఆయన గౌరీశ్వరిని అడిగాడు.

"గ్రీజండి," అంది ఆవిడ. అబద్ధం చెప్పే అవసరమేమీ కనబడలేదు. "మా ఆయన పూసేరు. స్టీల్ ప్లాంటులో సేసేవోరు."

అధ్యక్షుడు డీన్ చెయ్యి పట్టుకుని ఊపేశాడు. విద్యాసంస్థకీ పరిశ్రమకీ సహకారం అంటే ఇదీ అన్నాడు. తనిఖీ పత్రంలో ఆ గడి ఏ యూనివర్సిటీలోనూ నిండదట, ఇక్కడ పూర్తిగా నిండింది. వయసు మళ్లాక చదువుకోవడానికి ఇంకో గడి ఉంది, అందులోనూ టిక్కు పడింది. అది ఉత్త మరకేననీ, ఉతికితే పోవచ్చనీ గౌరీశ్వరి మళ్లీ చెప్పబోయింది. ఆవిడ వినయానికి అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత అన్నీ చకచకా జరిగిపోయాయి. యూనివర్సిటీకి గొప్ప గ్రేడు వచ్చింది. బట్టని మగ్గం మీంచి కోసి, అద్దాల పెట్టెలో పెట్టి, లైటు వేశారు. గౌరీశ్వరి తన మొదటి బట్టని ఒక్కసారి ఇంటికి తీసుకెళ్తానని అడిగితే, అది ఇప్పుడు సంస్థ ఆస్తి అన్నారు. హైవే మీద స్తంభాలకి ఆవిడ ఫోటో కట్టారు. అందులో ఆవిడ చేతిలో లేని ల్యాప్‌టాప్ ఉంది, మొహం మీద ఉన్న ముడతలు లేవు. మరుసటేడు కోర్సుకి నిజమైన పిల్లలు క్లాసు నిండా చేరారు. క్లాసు లేని గంటల్లో హిమబిందు చెవులకుండే హెడ్‌ఫోన్ తీసి గోపికి తగిలించారు. మగ్గం మాత్రం ఒక్కటే. ఆ ఒక్కదాని ముందూ పిల్లలు రేషన్ షాపులో నిలబడ్డట్టు నిలబడి, వంతు వచ్చినప్పుడు తెల్ల బట్ట నేసి, సిలబస్‌లో కొత్తగా చేర్చిన ప్రకారం దానికి గ్రీజు పూసేవారు. గ్రీజు కొనడానికి టెండరు పిలిచారు.

దేవీప్రసాద్‌ని పరిశ్రమ తరఫు సలహాదారుగా వేశారు. మెళ్లో బ్యాడ్జీ, బల్ల మీద పేరు పలక. రోజూ భార్య కంటే ముందే తయారై, స్కూటర్ స్టార్ట్ చేసి హారన్ కొట్టేవాడు. పిల్లలకి గ్రీజు ఎంత మందాన పూయాలో ప్రొసీజర్ చెప్పేవాడు, వాళ్లు రాసుకునేవారు. ఇంట్లో మాత్రం వంటింటి వైపు తొంగి చూడటం మానేశాడు. బియ్యంలో ఎన్ని నీళ్లు పోసినా అడగలేదు. గౌరీశ్వరి ఆయన స్కూటర్ ఎక్కేది కాదు, బస్సులోనే వెళ్లేది. క్లాసులో కూడా మగ్గానికి ఆ చివర ఆయనుంటే ఈ చివర కూర్చునేది. అయితే మధ్యాహ్నం క్యాంటీన్లో ఇద్దరూ ఒకే క్యారియర్ విప్పుకునేవారు. మొగుడు ఇంత నవ్వగలడని ఆవిడకి ముందు తెలియదు.

రెండో ఏడు చివర్లో ఆవిడ వంతు వచ్చినప్పుడు గ్రీజు డబ్బా పక్కన పెట్టేసింది. నీలం, తెలుపు గళ్ల బట్ట నేసింది. ఈసారి అంచులు దాదాపు తిన్నగా వచ్చాయి. ఒక్క మూల మాత్రం పక్కకి పోయింది. హిమబిందు ఆ మూల చేత్తో సవరిస్తూ, బాగుంది ఆంటీ అంది, ఈసారి ప్రయత్నం అనే మాట వాడలేదు. భీమశంకరరావు చూసి పెదవి విరిచాడు. ఇందులో కథ లేదమ్మా, ఉత్త బట్టలా ఉంది అన్నాడు. ప్రదర్శనకి పనికిరాదని రాసిచ్చాడు. పనికిరాదన్నారు కాబట్టి ఇంటికి తీసుకెళ్లొచ్చు. గౌరీశ్వరి ఆయనకి దణ్ణం పెట్టింది.

సాయంత్రం సబ్బవరం బస్సులో బట్టని మడిచి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పక్క సీట్లో మార్కెట్ నుంచి వస్తున్న ఒకామె, ఒళ్లో ఖాళీ గంప, బట్ట అంచు పట్టుకుని వేళ్లతో నలిపి చూసింది. మెత్తగా ఉందంది. చెమట బాగా పీల్చుకుంటుందంది. ఎక్కడ కొన్నావని అడిగింది.

"కొనలేదమ్మా. నానే నేసేను."

ఆమె ఇంకోసారి నలిపి చూసి, మరోటి ఉంటే తనకివ్వమంది.

"ఇది ఒక్కటే ఉంది," అంది గౌరీశ్వరి. "ఇంకోటి నేత్తన్నాను. కూసింత టైం పడతాది."